ముందు వరుసలో మూడు రుమాళ్ళు

కాకినాడలో గవర్రాజు అనే విశ్రాంత ఉద్యోగి ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, ఎక్కడికి వెళ్ళినా ముందుగా చోటు పట్టుకోవాలన్న ఆత్రం ఆయనను ఏ చోటా కుదురుగా కూర్చోనిచ్చేది కాదు.

ఈ అలవాటు ఆయనకు బస్సుల్లో అబ్బింది. ఉద్యోగం చేసినంత కాలం ఆయన రోజూ అమలాపురం వెళ్ళి వచ్చేవాడు. బస్సు ఆగీ ఆగకముందే చేతిరుమాలు తీసి, కిటికీలోంచి సీటు మీదికి విసిరేవాడు. ఇక ఆ సీటు ఆయనదే. రుమాలు పడిన చోట మరొకరు కూర్చోరు. ఎక్కడా రాసి లేకపోయినా మన ప్రాంతంలో అందరూ పాటించే కట్టుబాటు అది. నిదానంగా ఆలోచిస్తే అదేమీ చిన్న సంగతి కాదు. ఒక గుడ్డముక్కను చూసి, దాని వెనుక ఒక మనిషి ఉన్నాడని, అతడు తప్పక వస్తాడని, ముక్కూ మొహం తెలియని వాళ్ళందరూ నమ్ముతారు. గవర్రాజు ఆ నమ్మకాన్ని జీవితమంతా వాడుకున్నాడు. పెళ్ళి పందిట్లోకైనా, ఆసుపత్రి వరండాలోకైనా ఆయనకంటే ముందు ఆయన రుమాలు వెళ్ళేది.

ఒక వేసవిలో ఆయన కూతురు సువర్చల, తల్లిదండ్రులనూ తన చిన్నారి కూతురు కౌముదినీ విహారనౌక ఎక్కించింది. విశాఖలో బయలుదేరి, పుదుచ్చేరి చూపించి, చెన్నైలో దించే ఓడ అది. అందులో ఈతకొలను ఉంది, నాటకశాల ఉంది, పొద్దున్న లేచింది మొదలు ఏదో ఒకటి వేడివేడిగా వడ్డించే పెద్ద భోజనశాల ఉంది. గవర్రాజు భార్య మంగతాయారు పెట్టె సర్దుకునే ముందే అక్కడి విశేషాలన్నీ కూతురిని అడిగి తెలుసుకుంది.

"ఏమండీ, కూరగాయలతో పువ్వులు చెక్కడం నేర్పుతారట. పెద్దవాళ్ళకు వేరేగా డాన్సు క్లాసు కూడా ఉందట. మనిద్దరం వెళదాం" అంది.

"నీ మోకాళ్ళతో డాన్సేమిటే తాయారూ?"

"మోకాళ్ళు నావి కదా. మీకెందుకు దిగులు?"

"సరేలే, వెళదాం. ముందు చోటు చూసుకోనీ" అన్నాడు గవర్రాజు. అని, ఉతికి ఇస్త్రీ చేయించిన రుమాళ్ళు పెట్టెలో అడుగున పేర్చుకున్నాడు.

ఓడ కదిలిన మర్నాడు ఉదయమే ఆయన పని మొదలైంది. ఈతకొలను పక్కన వాలుకుర్చీ మీద తువ్వాలు పరిచాడు. భోజనశాలలో కిటికీ పక్క బల్ల మీద రుమాలు వేశాడు. ఆ రుమాలును ఎవరైనా తీసేస్తారేమోనని అక్కడే కూర్చున్నాడు. మిగిలినవాళ్ళు వెళ్ళి ఆయనకు కూడా తెచ్చేవారు. పెనం మీది నుంచి దోసె ఆయన పళ్ళెంలోకి చేరేసరికి చల్లారి తోలులా సాగేది.

"నాన్నా, మీరే వెళ్ళి పెట్టించుకోండి. అక్కడ అతను అడిగినట్టు వేసి ఇస్తున్నాడు" అంది సువర్చల.

"నేను లేస్తే కిటికీ పోతుందమ్మా."

"కిటికీ ఎక్కడికి పోతుంది తాతయ్యా? ఓడకు అంటుకునే ఉంది కదా" అంది కౌముది.

గవర్రాజు నవ్వాడు గానీ లేవలేదు. కిటికీ అవతల సముద్రం పొద్దుటెండలో మెరుస్తూనే ఉంది. ఆయన చూపు మాత్రం ద్వారం వైపే ఉంది, ఖాళీ బల్ల కోసం ఎవరు వస్తున్నారా అని.

ఫలహారం అయ్యాక కొలను దగ్గరికి వెళితే కుర్చీ మీద తువ్వాలు లేదు. మనిషి లేకుండా ఎక్కువసేపు వదిలేసిన తువ్వాళ్ళను తీసి గదికి చేర్చడం ఆ ఓడలో పద్ధతి. గదిలోకి వచ్చి చూస్తే, ఆ తువ్వాలునే ఎవరో ముచ్చటగా మడతలు పెట్టి ఏనుగుబొమ్మ చేసి, మంచం నడుమ కూర్చోబెట్టి వెళ్ళారు. దానికి తొండం ఉంది, చెవులున్నాయి.

మంగతాయారు దాని తొండం నిమిరింది. "ఈ ఓడ ఎక్కాక హాయిగా కూర్చున్నది ఇదొక్కటేనండీ" అంది.

ఆ మధ్యాహ్నం డాన్సు క్లాసు. అక్కడ కుర్చీలు లేవు. గవర్రాజు వెతికి వెతికి, నేర్పే ఆవిడకు ఎదురుగా నేల మీద రెండు రుమాళ్ళు పరిచాడు. "నువ్వు ఇక్కడ ఉండు. భోజనానికి బల్ల పట్టుకుని ఇప్పుడే వస్తా" అని వెళ్ళాడు. పాట మొదలైంది. తలలు నెరిసిన జంటలు తప్పుటడుగులు వేస్తూ, ఒకరి కాలు ఒకరు తొక్కుతూ, నవ్వుకుంటూ తిరిగారు. ఒంటరిగా ఆడడానికి మంగతాయారుకు మొహమాటం వేసింది. గోడవారగా నిలబడి తాళం వేసింది. ఆయన వచ్చేసరికి అందరూ చెమటలు తుడుచుకుంటూ బయటికి వస్తున్నారు.

"అప్పుడే అయిపోయిందా?" అన్నాడు ఆయన.

"అయిపోయింది. మీ రుమాళ్ళు చక్కగా ఆడాయి" అని ఆమె ముందుకు నడిచింది.

ఆ మాటలో ఉన్నది ఎగతాళి ఒక్కటే అనుకున్నాడు గవర్రాజు. కొన్ని మాటల అడుగున ఏముందో తెలియడానికి మనిషికి కొంత వ్యవధి పడుతుంది.

మర్నాటి సాయంత్రం నాటకశాలలో ప్రయాణికులే పాటలు పాడే కార్యక్రమం పెట్టారు. కౌముది పాడతానని పేరిచ్చింది. ఇంట్లోవాళ్ళకు అది పెద్ద సంగతి. కిందటి ఏడు బడి వార్షికోత్సవంలో ఆ పిల్ల వేదిక ఎక్కింది. ఎదురుగా తెలిసిన మొహం ఒక్కటీ కనిపించలేదు. నోరు పెగలక, పాడకుండానే దిగివచ్చింది. ఆ తరువాత నాలుగు గోడల మధ్య తప్ప ఎక్కడా పాడలేదు. ఇప్పుడు తనంతట తాను పాడతానంది, ఒక షరతు మీద.

"తాతయ్యా, పడవపాట నేర్పింది నువ్వే కదా. నువ్వు సరిగ్గా నా ఎదురుగా కూర్చోవాలి. మరిచిపోతే నీ మొహం చూస్తాను."

"ముందు వరుసలో, నట్టనడుమ కూర్చుంటాను. ఆ చోటు ఎవరికీ పోనివ్వను. సరేనా?" అన్నాడు గవర్రాజు.

చోటు విషయంలో ఆయన మాట తప్పలేదు. నాటకశాల తలుపులు తీయగానే వెళ్ళి ముందు వరుస నడుమ మూడు రుమాళ్ళు వేశాడు. ఒకటి తనకు, ఒకటి మంగతాయారుకు, ఒకటి సువర్చలకు. అక్కడే కూర్చుండిపోతే ఈ కథ లేదు. కానీ ఆయనకు భోజనం గుర్తొచ్చింది. ఆ పూట ఆంధ్ర భోజనమట. గుత్తివంకాయ, పనసపొట్టు కూర, బొబ్బట్లు చేస్తున్నారట. పాటలు అవగానే జనమంతా ఒక్కసారి అక్కడికే వస్తారు. కిటికీ బల్ల దొరకదు. పైగా ఆ రోజు పున్నమి. సముద్రంలోంచి చంద్రుడు లేవడం చూడాలంటే పై అంతస్తులో కుర్చీలు కావాలి. అందుకని మంగతాయారును పై అంతస్తులో కుర్చీల కాపలాకు పంపాడు. తాను భోజనశాలకు వెళ్ళాడు. ఉన్న రుమాళ్ళు నాటకశాలతోనే అయిపోయాయి కనుక తానే కూర్చున్నాడు. నాటకశాలలో జరిగేదంతా అక్కడి తెరల మీద కనిపిస్తుంది, పై అంతస్తులోనూ మైకుల్లో వినిపిస్తుంది. చిన్నపిల్ల కదా, చివర్లో పిలుస్తారు, పిలుపు వినగానే లేచి వెళదాం అని ఆయన లెక్క.

కానీ పిల్లలు నిద్రకు ఆగరని, కార్యక్రమం నడిపే అమ్మాయి వాళ్ళనే ముందు పిలిచింది.

అప్పటికి నాటకశాల నిండిపోయింది. గోడల వెంట జనం నిలబడి ఉన్నారు. చేతికర్రతో ఒక ముసలావిడ కూడా నిలబడే ఉంది. ముందు వరుసలో మూడు కుర్చీలు మాత్రం ఖాళీగా ఉన్నాయి. ఓడలో సగం మంది మనవాళ్ళే. రుమాలు వేసి ఉన్న కుర్చీలో కూర్చోవడానికి ఎవరికీ మనసొప్పలేదు.

సువర్చల తెర పక్క నుంచి కూతురిని వేదిక మీదికి పంపింది. కౌముది మైకు ముందుకు వచ్చింది. నట్టనడుమ, ముందు వరుసలోకి చూసింది. మూడు తెల్ల రుమాళ్ళు ఆమె వైపు చూశాయి.

"పాడు తల్లీ" అంది కార్యక్రమం నడిపే అమ్మాయి.

కౌముది పాడలేదు. మైకులో చిన్న గొంతు వినిపించింది. "మా తాతయ్య కర్చీఫ్ వచ్చింది. తాతయ్య రాలేదు."

జనం గొల్లున నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. గౌను అంచు గట్టిగా పట్టుకుంది.

భోజనశాలలో గవర్రాజు తల ఎత్తి తెర చూశాడు. బడి వార్షికోత్సవం నుంచి పాడకుండా వచ్చిన రోజున ఆ పిల్ల అలాగే గౌను అంచు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆయన చప్పున లేచాడు. లేస్తూనే, అలవాటు చొప్పున, బల్ల మీద వేయడానికి రుమాలు కోసం జేబులో చేయి పెట్టాడు. జేబు ఖాళీగా ఉంది. పక్కనే పళ్ళేలు పట్టుకుని నిలబడిన ఒక కొత్తజంట ఆశగా చూస్తున్నారు.

"అంకుల్, లేస్తున్నారా?" అన్నాడు ఆ అబ్బాయి.

గవర్రాజు కిటికీని ఒకసారి చూశాడు. "కూర్చోండి బాబూ. ఇది నాది కాదు" అని తలుపు వైపు పరుగు తీశాడు. ఒక చోటును గుర్తు పెట్టకుండా వదిలి వెళ్ళడం ఆయన జీవితంలో అదే మొదలు.

మెట్ల మలుపులో పై నుంచి చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని దిగివస్తున్న మంగతాయారు ఎదురైంది.

"కుర్చీలు?" అన్నాడు ఆయన రొప్పుతూ.

"వదిలేశాను. బల్ల?"

"ఇచ్చేశాను."

"చంద్రుడికి మన కాపలా ఎందుకులెండి, పదండి" అని ఆమె ఆయన చేయి పట్టుకుని లాగింది.

వాళ్ళు తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి కౌముది ఇంకా వేదిక మీదే ఉంది. కార్యక్రమం నడిపే అమ్మాయి వంగి, దిగిపోతావా అన్నట్టు ఆమె భుజం మీద చేయి వేసింది. గవర్రాజు తిన్నగా ముందు వరుసకు నడిచాడు. మూడు రుమాళ్ళూ తీసి జేబులో కుక్కుకున్నాడు. వెనక్కి తిరిగి, "అమ్మా, మీరు రండి, ఇక్కడ కూర్చోండి" అని చేతికర్ర ముసలావిడను పిలిచాడు.

"మీ మనిషి వస్తారేమో కదా నాయనా" అంది ఆవిడ, వచ్చి నిలబడి.

"వచ్చేశాను" అన్నాడు గవర్రాజు.

మిగిలిన రెండు కుర్చీల్లోనూ నిలబడినవాళ్ళను కూర్చోబెట్టాడు. తాను వేదికకూ కుర్చీలకూ మధ్య తివాచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మంగతాయారు ఆయన పక్కనే చతికిలబడింది. ఆ చోటుకు వరుస లేదు, ఎవరూ పోటీ రారు. కౌముది మొహం అక్కడి నుంచి చేయి చాస్తే అందేటంత దగ్గరగా కనిపించింది.

పిల్ల గౌను అంచు వదిలింది. పడవపాట ఎత్తుకుంది. రెండో చరణం నడుమ ఆగిపోయి ఆయన వైపు చూసింది. ఆయన పెదవులు కదిలాయి. ఆ ఒక్క మాట అందుకుని ఆమె పాటను ఒడ్డుకు చేర్చింది. చప్పట్లు మోగుతుంటే మంగతాయారు భర్త జేబులోంచి ఒక రుమాలు లాగి కళ్ళు తుడుచుకుంది.

"దీనికి ఈ వాడకం కూడా ఉందండోయ్" అంది.

ఆ రాత్రి భోజనానికి కిటికీ దక్కలేదు. వంటగది తలుపు పక్కన, చేతికర్ర ముసలావిడ కుటుంబం ఉన్న పొడవాటి బల్లకే వీళ్ళూ చేరారు. గవర్రాజు మొదటిసారి తానే పళ్ళెం పట్టుకుని వెళ్ళాడు. గుత్తివంకాయ ఎలా కుదిరిందో వంటవాడితో నిలబడి మాట్లాడాడు. బొబ్బట్టు మీద నెయ్యి అడిగి వేయించుకున్నాడు. వేలు కాలింది. ఓడ ఎక్కాక ఆయన తిన్న మొదటి వేడి ముద్ద అది. చంద్రుడు అప్పటికే బాగా పైకి వచ్చేశాడు. అందరూ ఓడ అంచున కమ్మీల దగ్గర నిలబడే చూశారు. నిలబడి చూసినందుకు వెన్నెల ఏమీ తగ్గలేదు.

మర్నాడు డాన్సు క్లాసు మళ్ళీ ఉందని తెలిసి ఆయనే భార్యను తీసుకెళ్ళాడు. వెనుక వరుసలో, ఒక మూల చోటు దొరికింది. ఎడమ కాలు వేయమంటే కుడి కాలు వేశాడు. మంగతాయారు నవ్వు ఆపుకోలేకపోయింది.

"మోకాళ్ళెలా ఉన్నాయే?" అన్నాడు.

"బాగానే ఉన్నాయి. మీరు తొక్కుతున్నది నా పాదాలు" అంది ఆమె.

సాయంత్రం గదికి వస్తే మంచం మీద ఈసారి కోతిబొమ్మ ఉంది. కౌముది దాన్ని తీసి పక్కన పెట్టి, "నువ్వు కూర్చో తాతయ్యా" అంది. గవర్రాజు కూర్చున్నాడు. చెమట పట్టిన నుదురు రుమాలుతో తుడుచుకున్నాడు. ఇస్త్రీ చేయించిన ఆ రుమాళ్ళు అవి పుట్టిన పనికి ఉపయోగపడడం ఆ ప్రయాణంలోనే మొదలైంది.

చోటు పట్టుకోవడం రుమాలైనా చేస్తుంది, ఆ చోట ఉండడం మాత్రం మనిషే చేయాలి. ఏ వేడుకలోనైనా మనకు దక్కేది మనం పట్టుకున్న చోటు కాదు, మనం మనసుపెట్టి ఉన్న సమయం.