బస్కీల లెక్క

కర్రసాము, కసరత్తు నేర్పే మా సాము గరిడీ సాలలో గౌరునాయుడంత మొండివాడు ఇంకొకడు లేడు. మనిషి మంచివాడే. కాకపోతే తన ఒంటిని చూసుకుని లోకమంతా అలాగే ఉంటుందనుకునే రకం.

అతని ఏడేళ్ళ కొడుకు చిన్నం నడుస్తూ నడుస్తూ పడిపోయేవాడు. లేవాలంటే మోకాళ్ళ మీద, ఆ పైన తొడల మీద చేతులు ఆనించుకుంటూ లేచేవాడు. పిక్కలు మాత్రం బలిసి గట్టిగా ఉండేవి.

"సూడండి గురువుగారూ, ఈ వయసుకే పయిల్వాను పిక్కలు! ఆడికి లేనిది సాధనే," అనేవాడు గౌరునాయుడు.

ఆ పిక్కలు చూసి మేమూ మురిసిపోయాం, దాచుకోవడమెందుకు. పోలయ్య గురువుగారు ఒక్కరే వాటిని వేళ్ళతో నొక్కి చూసి, "ఇశాపట్నం తీసుకెళ్ళు," అన్నారు.

అక్కడి డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. కండలో ప్రతి పోగుకీ పలచని పొర ఒకటి ఉంటుందట. వీడికి పుట్టుకతోనే ఆ పొర బలహీనం. మెట్లు దిగేటప్పుడు, బస్కీలో కిందికి కూచునేటప్పుడు కండ బరువు మోస్తూనే సాగుతుంది. అప్పుడే పొర ఎక్కువగా చిరుగుతుంది. చిరగగా చిరగగా కండ పోయి, ఆ చోట కొవ్వు చేరుతుంది. పిక్కల లావు అదే. మందులు రాసిచ్చి, "ఆడుకోనివ్వండి, నీళ్ళలో ఈదనివ్వండి. అలిసిపోనివ్వకండి. బస్కీలు అసలే వద్దు," అంది.

గౌరునాయుడు బస్సు దిగుతూనే, "కుర్చీలో కూకున్న మనిషికి కండ సంగతేటి తెలుస్తాది?" అన్నాడు. మర్నాటి నుంచి కొడుకు చేత బస్కీలు మొదలు. పది, పదిహేను, ఇరవై. పిల్లాడు తండ్రి మొహంలోకి చూస్తూ తీసేవాడు. నొప్పి అని ఒక్కసారీ అనలేదు.

ఐదో రోజు వాడి ఒంటేలు టీ డికాషన్ రంగులో వచ్చింది. చిరిగిన కండే అలా దిగుతోందని ఆస్పత్రిలో రెండు రోజులు సెలైను ఎక్కించి పంపారు. తల్లి ఏడ్చి మొత్తుకుంది. "ఏడి సేసిందంతే," అన్నాడు ఈ మహానుభావుడు. పది రోజులు ఆగి, మళ్ళీ పిల్లాణ్ణి సాలకి తెచ్చాడు.

ఆ పొద్దున గురువుగారు వచ్చారు. ఆయనకి డెబ్బై రెండేళ్ళు. కుడి మోకాలు ఎప్పుడో చెడింది. గడప దాటాలన్నా గోడ పట్టుకోవాలి.

ఆయన చిన్నం ముందు మెల్లిగా కూచున్నారు. "ఎక్కరా బావూ," అని వాణ్ణి భుజాల మీదకెక్కించుకుని, కర్ర ఊతంగా లేచారు. కర్ర పక్కన పెట్టారు. బస్కీ తీయడానికి కిందికి దిగారు.

సగంలోనే మోకాలు కటుక్కుమంది. ఆయన పళ్ళు బిగించి ఇంకాస్త దిగారు.

"అయ్యబాబోయ్, ఆగండి గురువుగారూ! ఆ మోకాలు పోతాది!" గౌరునాయుడు ఒక్క దూకున వచ్చి కొడుకుని అందుకున్నాడు.

"నా మోకాలు సంగతి నీకెవులు సెప్పారు?"

"ఒకరు సెప్పాలేటి? కనబడతంది కదా!"

గురువుగారు పిల్లాడి కాళ్ళకేసి చూశారు.

గౌరునాయుడు కొడుకుని చంకకెత్తుకున్నాడు. "మరి నానేటి సెయ్యాల? నా కళ్ళ ముందే గుంటడు కూలిపోతంటే సేతులు కట్టుకుని కూకోమంటారా?"

గురువుగారు అరుగు మీద కూలబడి మోకాలు రాసుకున్నారు.

"బస్కీలు నువ్వు తియ్యి. లెక్క ఆడు సెప్తాడు."

 గౌరునాయుడు కొడుకుని మెడ మీద కూచోబెట్టుకుని బస్కీలు మొదలెట్టాడు. చిన్నం తండ్రి జుట్టు పట్టుకుని, గొప్ప హుషారుగా లెక్క మొదలెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఎన్నాళ్ళకో వాడి నవ్వు విన్నాం.

పన్నెండు దగ్గర లెక్క ఆగిపోయింది.

"ఆపేసేవేట్రా? ఇంకా తీస్తాను, సెప్పు."

వాడు ముందుకి వంగి, అరచేత్తో తండ్రి నుదుటి చెమట తుడిచాడు.

"సాల్లే నాన్నా. నీకు కాళ్ళు నొప్పెడతాయి."

సగం లేచిన గౌరునాయుడు అక్కడే ఆగిపోయాడు. కొడుకు పాదాలు రెండూ గుండెకి అదుముకున్నాడు. మేమంతా అటు తిరిగి, ఎవరి సాము కర్ర వాళ్ళం తుడుచుకుంటూ నిలబడ్డాం.