అంచుగది గూన

ఒక పత్తిచేలో ఒక తెల్లపువ్వు పూసింది. మనకది పువ్వు. లోపల కాపురమున్నవాళ్లకి ఊరు. ఆ ఊళ్లో వేల గదులు, గదికో సంసారం, ప్రతి గది నడుమా ఒక పెద్ద గూన.

గది అనడమే గానీ, ఉన్నదంతా ఆ గూనే. ఇంటివాళ్లు దాని చుట్టూ ఒదిగి తిరగాలి. అందులోవి పుల్లటి నీళ్లు. ఒలికితే గోడలూ మనుషులూ కరిగిపోతారు. కాపురానికొచ్చిన ప్రతి కోడలికీ అత్తలు ఒకే మాట చెప్పేవాళ్లు: "దాన్ని తాకకు. మాగిన పండు వాసన వచ్చిన రోజు మాత్రం నీ చేత్తో నువ్వే పగలగొట్టు."

ఆ మాట విన్నది మొదలు, ఇప్పుడు ఇంట్లో ఒంటరిగా మిగిలిన అంచుగది ఇల్లాలికి కంటిమీద కునుకు లేదు. ఆ ఊళ్లో ఎండైనా, గాలైనా, పురుగైనా ముందు అంచుకే వస్తుంది. వాసన మాత్రం వేరే దారిన వస్తుందా? పూటకి పదిసార్లు ముక్కు ఎగబీల్చి చూసుకునేది.

పక్కగది పెద్దాయన నవ్వేవాడు. "రాని జ్వరానికి ఇప్పట్నుంచే లంఖణాలా అమ్మాయ్!"

ఒక పొద్దున తేనెటీగ ఒంటినిండా పసుపుదుమ్ముతో వచ్చి, ఊరి నడుమ దులిపి వెళ్లింది. సాయంత్రానికి పువ్వు మొదట్లోని అడుగుగదిలో పిందె పడిందని, ఊరికి పిల్ల పుట్టిందని కబురొచ్చింది. ఊరంతా సంబరపడింది. ఆ సంబరంలో ఉండగానే తెల్లగోడలు ఎర్రబారాయి. మర్నాడు మాగిన పండు వాసన వచ్చింది, ఆమె అనుకున్నట్టే ముందు అంచుకి.

పెద్దాయన తువ్వాలు నడుముకి బిగించి రోకలి అందుకున్నాడు. ఆమె గుమ్మంలోంచి అడిగింది.

"బాబాయ్, మనమేం తప్పు చేశాం?"

"తప్పేముంది తల్లీ. పిల్లకి తిండి కావాలి. మన గోడలే దాని తిండి."

"పోయాక మనమేమవుతాం?"

"ఏమోనే. వెళ్లినవాళ్లెవరూ వెనక్కొచ్చి చెప్పలేదు."

ఆయన లోపలికి వెళ్లాడు. గూన పగిలిన చప్పుడైంది. ఆయనా, ఆయన గదీ కలిసి కరిగి, గదుల పక్కనుంచి కిందికి పోయే కాలవలో పడి అడుగుగది వైపు పారాయి. ఆ వెనకే ఇంకో గూన, మరో గూన.

ఆమె తలుపు బిగించి, సందుల్లో మైనం కూరి, గూనని రెండు చేతులా వాటేసుకు కూర్చుంది. పిరికితనమే, దాచడానికేముంది? ప్రాణమంటే ఎవరికి తీపి కాదు? ఇంతమంది ఇచ్చారు, నా ఒక్క గూనతోనే దాని కడుపు నిండాలా అని తనకి తాను చెప్పుకుంది. చెప్పుకున్నకొద్దీ భయం ఎక్కువైందే గానీ తగ్గలేదు.

మూడోనాటికి ఊరు ఎండి వరుగైపోయింది. చప్పుళ్లు ఆగిపోయాయి. అప్పుడు ఎవరో తలుపు తట్టారు. బయట బూడిదరంగు శాలువా కప్పుకున్న బాటసారి ఉన్నాడు.

"అమ్మా, ఊరంతా తిరిగాను. కాలు మోపడానికి కాస్త తడి జాగా లేదు. నీ ఇల్లొక్కటే చల్లగా ఉంది. ఈ పూటకి ఉండనిస్తావా?"

ఇన్నాళ్లకి ఒక మనిషి గొంతు వినబడేసరికి ఆమెకి ఏడుపొచ్చింది. "రా నాయనా. ఇక్కణ్ణుంచి ఎక్కడికి?"

"కిందికి. అడుగుగదిలో పసిపిల్ల ఉందటగా. బాగా లేతగా ఉంటుందట."

అతని శాలువా అంచు గోడకి తగిలింది. తగిలినంతమేరా బూజు పాకింది. అది కాలవ వైపే పాకుతోంది.

అంతవరకు ఆమె భయమంతా తన గురించే. ఇప్పుడది పిల్ల మీదికి మళ్లింది. రోకలి కోసం వెతికింది. కనబడలేదు. ఇక వెతకలేదు, నెత్తితోనే గూనని మోదింది.

నీళ్లు కాలవలోకి ఉరికాయి. కానీ ఎండిన కాలవ దారిలోనే అంతా పీల్చేసింది. పిల్లకి ఒక్క చుక్క అందలేదు. ఆ ఊరిని కొమ్మకి పట్టి ఉంచిన ఆఖరి నరం మాత్రం, అంచుగది తడి ఒక్కటే ఇంతసేపూ నిలిపి ఉంచినది, పుటుక్కున తెగింది. ఊరు ఊరంతా బాటసారితో సహా నల్లరేగడి మీద పడింది.

అడుగుగదితో పాటు కొమ్మకే మిగిలిపోయిన పిల్ల మీద ఉన్నట్టుండి ఎండ పడింది. అది పుట్టి నీడ తప్ప ఎరగదు. ఇదేమిటో చెప్పడానికి పైన ఎవరూ లేరు. బెదిరిపోయి గుక్కపట్టి ఏడ్చింది. ఏడుస్తూనే ఎండ తాగడం మొదలుపెట్టింది.