బోర్డుల నీడ

మన్యపు కొండవాలులో మచ్చయ్య అనే ఎద్దు మూడేళ్లు మెడ వంచి కాఫీ తోట పెంచాడు. తొలికాపు వస్తుందనగా, వానల మొదట్లో పెనుగాలి లేచి నీడచెట్లన్నిటినీ కూల్చేసింది. నీడ లేని కాఫీ మొక్క వేసవి దాటదు.

పల్లంలో కాఫీ కంపెనీ నడిపే ఏనుగు దొర ఆ సంగతి విన్నాడు. పండుకు న్యాయమైన ధర ఇస్తూనే, త్వరగా పెరిగే నీడమొక్కలు నాటమని పైన కొసరు సొమ్ము కూడా పంపాడు. పంపింది గుంటనక్క చేత. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు కదా! ఆ సొమ్ము చాలావరకు కోళ్లయి నక్క కడుపులోకి పోయింది. మిగిలినది పన్నెండు రేకు బోర్డులై తోటలో నిలబడింది.

"ఏముందే వాటి మీద?" అని అడిగాడు మచ్చయ్య.

పక్క తోట ముళ్లపంది గంగులమ్మ చదివింది. "'ఈ నీడ దొరగారి సాయం' అట. కాస్త జరుగు అన్నా, నీకు చలేస్తుందేమో!"

మాఘం వెళ్లేసరికి ఆకులు వాడిపోయాయి. అప్పుడు నక్క పరుగున వచ్చింది.

"మామా, రేపు దొర వస్తున్నాడు. సాయం అందిందని ఒక్క ముక్క చెప్పు. లేదంటే నీ పండు కొనేవాడుండడు."

"అందిందనే చెబుతాను అల్లుడూ. బోర్డులు అందలేదా ఏమిటి?"

మర్నాడు దొర నక్కను వెంటబెట్టుకుని వచ్చేసరికి మచ్చయ్య ఆ పన్నెండు బోర్డులూ పెరికి, తాడు కట్టి, ఈడ్చుకుంటూ ఎదురెళ్లాడు.

"సాయం అందింది దొరా. మా కొండలో సాయానికి బదులు సాయమే. ఒకరు మాకు రెండు రోజులు కలుపు తీస్తే, మేమూ వాళ్లకు రెండు రోజులు కలుపే తీస్తాం. మీరు పంపినవి ఇవిగో, అన్నీ తెచ్చాను. మీ చేనెక్కడో చూపిస్తే పాతిపెట్టి పోతాను."

"బోర్డులా! నేను పంపింది మొక్కలకి కదయ్యా!"

నక్క తోక ముడిచింది. "దొరా, బోర్డుకి మాత్రం నీడ ఉండదా?"

"ఉంటుంది. ఒకటి పాతుకుని సాయంత్రం దాకా దాని నీడలోనే కూర్చో. కదిలావంటే తొక్కేస్తాను."

మధ్యాహ్నానికి ఆ నీడ కాస్తా బోర్డు మొదట్లోకి దూరిపోయింది. నక్క నాలుక గజం పొడుగు వేలాడింది.

దొర ఆ వైపు చూడలేదు. అడవిలో ఆకు కొమ్మలు విరిచి తెచ్చి, మొక్క మొక్కకీ గుడిసెలా కప్పాడు.

"మీరెందుకు దొరా?" అని నొచ్చుకున్నాడు మచ్చయ్య.

"ముందే రావలసింది. తొలివానకు మొక్కలు నేనే మోసుకొస్తాను. గుంటలు తీసి ఉంచు."

సాయం పంపితే చాలదు, అది చేరినచోటికి వెళ్లి చూడాలి.