తాటాకు మీద వచ్చిన ఆజ్ఞ

పల్లెవైద్యుడు శోభనాద్రి రాజుగారి కొలువులో నిలబడ్డాడు. రాజుగారు పంపమంటే రాజవైద్యుడు విసుక్కుంటూ పంపిన పదకొండు తాటాకు పాఠాలతోనే అతను మనోవ్యాధులకు వైద్యం నేర్చాడు. బిడ్డ పోయాక అన్నం మానేసిన గురవమ్మ నిన్ననే గుక్కెడు గంజి తాగింది. ఇప్పుడు తనను ఆపేస్తే ఆమె గతేమిటి?

"గురువు ఎదుట కూర్చోకుండా, తాటాకులు చదివితే ఈ విద్య బుర్రకెక్కదు. వైద్యం మానమని ఆజ్ఞ పంపానుగా, మానలేదేం?" అని గద్దించాడు రాజవైద్యుడు.

శోభనాద్రి చేతులు జోడించాడు.

"అదీ తాటాకు మీదే వచ్చింది గదా అయ్యా! బుర్రకెక్కలేదు."

రాజు పకపకా నవ్వాడు.

వారం తిరిగేసరికి శోభనాద్రికి రాజవైద్యుడి నుంచి మరో తాటాకు అందింది. పన్నెండో పాఠం! అడుగున ఒక్క మాట: "సందేహముంటే వచ్చి అడుగు."