ఊడ్వని గుడి

గోదావరి పాయ ఒడ్డున, రెల్లుమెరక గ్రామంలోని మెరకతల్లి గుడిలో చీపురు కనబడదు. వరద తెచ్చిన ఒండ్రు నేలంతా ఎండి నెర్రెలిచ్చి ఉంటుంది. కొత్తగా వచ్చినవారు ముఖం చిట్లించుకోవడం మామూలే. ఆ ఒండ్రే ఇక్కడి అమ్మవారని తెలిశాక చెంపలు వేసుకుంటారు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. వరదలు ఏటి అంచున పేర్చిన మెరక, దాని మీద అమ్మవారి రాయి మాత్రమే ఉండేవి. మెరక వెనుక పల్లంలో ఊరు. గేదెలు కాచుకునే సింగమ్మకు ఆ తల్లి అంటే ప్రాణం. ఏటా వరద తగ్గగానే రాయి చుట్టూ, ఏటి నుంచి ఊరికి వచ్చే బాటలోనూ చేరిన ఒండ్రును ఊడ్చి, తట్టలకెత్తి ఏట్లో పోసేది. ఇరవై ఏళ్లలో చుట్టుపక్కల మెరక నిలువెత్తు పెరిగింది. తల్లి ఉన్న చోటు మాత్రం పల్లంగానే ఉండిపోయింది. భక్తిలో పడి ఆమె అది గమనించనే లేదు.

ఒక ఏడు వరద తల్లి ఉన్న ఆ పల్లానికి జానెడు దిగువ వరకు పెరిగింది; అది దాటితే ఊరు మునగడమే. సింగమ్మ కూతురు నూకాలు పురిటి నొప్పులతో మంచం మీద ఉంది. కదిలించడానికి వీల్లేదు. దిక్కుతోచక అమ్మవారి రాయికి తల ఆనించి ఏడుస్తూ ఉండగా సింగమ్మకు కునుకు పట్టింది. కలలో అమ్మవారు కనిపించి, "ఏటేటా గోదారి నాకు కప్పిన చీర నువ్వే లాగేత్తన్నావే, సింగీ. ఈసారన్నా కప్పుకోనియ్యి" అన్నది.

సింగమ్మ లేచి, మట్టి తట్ట తెచ్చి రాయి మీద కుమ్మరించింది. ఊరి పెద్ద వెంకయ్య అడ్డుపడ్డాడు.

"అమ్మోరిని పూడ్చేత్తావేంటే? మతి పోయిందా?"

"అమ్మోరే అడిగిందయ్యా. ఊడ్చి ఊడ్చి ఊరి మీదకి ఏరు తెచ్చింది నేనే. ఓ తట్ట పట్టండి."

ఊరంతా మట్టి మోసింది. రెల్లు పరిచి, మట్టి పోసి, తొక్కారు. ఇరవై ఏళ్లు తన చేత్తో కడిగిన రాయి కనుమరుగవుతుంటే సింగమ్మ గుండె తరుక్కుపోయింది. అయినా చేయి ఆపలేదు. ఏరు ఆ కొత్త మట్టిని తాకి, అక్కడే నిలిచి, మర్నాటికి వెనక్కి తగ్గింది. పొడినేల మీదే నూకాలు ఆడపిల్లను కన్నది.

ఆ మట్టి మీదే తర్వాత గుడి కట్టారు. నేటికీ భక్తులు ఏటి నుంచి గుప్పెడు ఒండ్రు తెచ్చి ఇక్కడ పోస్తారు. నేల పెరిగినప్పుడల్లా గుడి కప్పును ఎత్తు చేస్తారు. నిండు గర్భిణులు ఆ మట్టిని బొట్టు పెట్టుకుంటే సుఖప్రసవమని నమ్మకం. అమ్మవారి రాయి ఎంత లోతున ఉందో ఎవరికీ తెలియదు. దాని పక్కనే సింగమ్మ చీపురు కూడా ఉంది.