తాడు రెండో కొస

చేతికి డబ్బు అందడం మొదలయ్యాక హలీమాకు ఇంట్లో ఉండాలంటే భయం వేయసాగింది.

దొంగల భయం కాదు. అంత డబ్బేమీ రాలేదు. వచ్చినదాంతో వంటింటి గోడకు సున్నం కొట్టించింది, పైకప్పు కురవకుండా బాగుచేయించింది, ఒక ఫ్యాను కొనుక్కుంది. ఆ ఫ్యాను కింద కూర్చుని అన్నం తింటూంటే గాలి బాగానే తగిలేది. "అబ్బ, ఎంత చల్లగా ఉందో" అనడానికి పక్కన మనిషే లేదు. ఒకరోజు ఆ మాట తనే పైకి అని చూసింది. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. మళ్ళీ అలా అనలేదు.

ఆమె చేసే పని ఉట్లు అల్లడం. భర్త పోయాక సాయంత్రాలు గడవక, చిన్నప్పుడు అమ్మ దగ్గర చూసిన ముడులన్నీ గుర్తుచేసుకుంటూ మొదలుపెట్టింది. నూలు పోగులు కలిపి తాడు పేనేది. ఆ తాళ్ళతో ముడి మీద ముడి వేసుకుంటూ పోయేది. అమ్మాలని కాదు, చేతులకు పని ఉంటే మనసు కాస్త ఊరుకుంటుందని. అడిగినవాళ్ళకు ఇచ్చేది, మిగిలినవి చూరుకు వేలాడేవి. పాలకుండ ఉట్టి మీద పెట్టుకునేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారు?

అయితే పట్నంలో అంగడి పెట్టుకున్న ఒకాయన వాటిని చూశాడు. పూలకుండీలు వేలాడదీసుకోవడానికి జనం ఎగబడి కొంటారన్నాడు. నిజంగానే కొన్నారు. ఇంకా కావాలన్నాడు. అవీ అయిపోయాయి, ఇంకొన్ని కావాలన్నాడు. హలీమాకు పొద్దస్తమానం ముడులే లోకమైపోయింది.

ఊరవతల గుట్ట మీద గఫూర్ షా అనే సూఫీ గురువు ఉండేవాడు. రెండు గదులు, ముందు ఒక వేపచెట్టు, ఒక పిల్లి. ఆయన సంస్థానమంతా అదే. అందరూ ఆయన్ని బాబా అనేవాళ్ళు. హలీమా పెళ్ళి కాకముందు నుంచీ ఆయనకు శిష్యురాలు. కష్టం వచ్చినా సుఖం వచ్చినా గుట్ట ఎక్కి ఆయన ముందు కూర్చోవడం ఆమెకు అలవాటు.

గురువుల దగ్గరికి వెళ్ళేవాళ్ళలో సగంమంది జవాబు ఇంటి దగ్గరే తయారుచేసుకుని, దాన్ని ఆయన నోటితో అనిపించుకోవడానికి వెళతారు. ఆ రోజు హలీమా కూడా అలాగే వెళ్ళింది.

"ఈ పని మానేస్తా బాబా," అంది కూర్చుంటూనే.

"ఏ పని బేటీ?"

"ఉట్లు అల్లేది. ఊరికే అల్లుకున్నన్నాళ్ళు బాగుండె. డబ్బు మొదలైనాక మనసు పాడైపోయింది. ఇల్లు మింగేటట్టుంది. ఆ డబ్బులోనే ఏదో ఉంది బాబా. అన్నీ విడిచిపెట్టి ఈడికే వచ్చేస్తా. ఈ గదులు ఊడ్చుకుంటా, మీకింత గంజి కాచిపెడతా, అల్లా పేరు తలుచుకుంటా ఉంటా."

చక్కగా చెప్పింది. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలే మరి.

గఫూర్ షా గడ్డం నిమురుకున్నాడు.

"డబ్బు రాకముందు ఇల్లు మింగలేదా?"

"అప్పుడు ఓబులమ్మవ్వ వస్తాండె."

"ఎవరామె?"

హలీమా చెప్పింది. ఓబులమ్మ ఎదురింటి మనిషి. డెబ్బై దాటిన వయసు, ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. తాడు పేనడం ఇద్దరు చేసే పని. ఒకరు ఒక కొస పట్టుకుని నిలబడితే, రెండోవాళ్ళు అవతలి కొస నుంచి పురి ఎక్కిస్తారు. పురి ఎక్కేకొద్దీ తాడు పొట్టిదవుతుంది కాబట్టి, కొస పట్టుకున్నవాళ్ళు దాని లాగుడు చూసుకుంటూ కొంచెం కొంచెంగా ముందుకు జరగాలి. ఆ కొస పట్టుకోవడానికే మధ్యాహ్నం పూట ఓబులమ్మ వచ్చేది.

వచ్చి ఊరికే పట్టుకునేదా? ఎప్పుడో చచ్చిపోయిన తన బర్రె కథ ఎత్తుకునేది. అది ఎంత తెలివైనదో, సంతలో తప్పిపోయి ఒక్కతే ఇల్లు ఎట్లా వెతుక్కుంటూ వచ్చిందో చెప్పేది. నిన్న చెప్పిందే ఇవాళా చెప్పేది. కథ మంచి పట్టులో ఉండగా చెయ్యి ఊపేది, కొస జారిపోయేది, ఎక్కిన పురి అంతా విడిపోయేది. పొయ్యి మీద అన్నం గుర్తొస్తే కొస అక్కడే పడేసి ఇంటికి నడిచేది.

ఉబుసుపోకకు అల్లుకున్న రోజుల్లో అదంతా నవ్వులాటగానే ఉండేది. అంగడాయన తొందరపెట్టడం మొదలయ్యాక హలీమా గోడకు ఒక కొక్కెం కొట్టించింది. కొక్కేనికి కథలు రావు, పొయ్యి మీద అన్నమూ ఉండదు. పని రెండింతలు సాగింది.

"ఆమెకేం చెప్పినావు?" అన్నాడు బాబా.

"మంచిగానే చెప్పినా. 'నువ్వు కూర్చో అవ్వా, నీకెందుకు ఈ శ్రమ' అన్నా. నేనేం కసురుకోల్యా."

"ఏమన్నది?"

"ఏమీ అనల్యా. పోయింది. మళ్ళీ మా గడప తొక్కల్యా. ముసలామెకు అంత రోషం ఉంటదని నాకేం తెలుసు? అది సరే బాబా, నేను అడిగింది డబ్బు సంగతి."

"అవునవును, డబ్బు సంగతి," అన్నాడు బాబా. "మానెయ్."

హలీమా హమ్మయ్య అనుకుంది.

"మానే ముందర నాకొక ఉట్టి అల్లిపెట్టు. ఈ పిల్లి నాకంటే ముందే పాలు తాగుతాంది."

నూలు ఆమె సంచీలోనే ఉంది. ఈ మధ్య ఎక్కడికి వెళ్ళినా అది వెంట ఉండాల్సిందే. బస్సులో కూర్చున్నా చేతులు ఊరుకోవు. పోగులు బయటికి తీసి, సమంగా కలిపి, ఒక కొస వేపచెట్టుకు కట్టబోయింది.

"చెట్టుకేంటికి? నేను లేనా? ఇట్ల తా."

గురువు చేతికి తాడు కొస ఇవ్వడం ఆమెకు ఎలాగో అనిపించింది. కానీ ఆయన అప్పటికే లేచి చెయ్యి చాచాడు. ఇచ్చింది.

గఫూర్ షా మామూలుగా మితభాషి. ఒక్క మాట కోసం ఆయన ముందు పూటంతా కూర్చుని, ఆ మాట రాకుండానే గుట్ట దిగిపోయినవాళ్ళు ఉన్నారు. అలాంటి మనిషి తాడు కొస చేతికి రాగానే మాటల మూట విప్పాడు.

"వయసులో ఉన్నప్పుడు ఒకసారి రైలెక్కినా బేటీ. గుంతకల్లులో దిగాల. నిద్రపోయినా. కళ్ళు తెరిచేసరికి రాయచూరు! చేతిలో టికెట్టూ లేదు. స్టేషన్ మాస్టరు రమ్మన్నాడు. కొడతాడేమో అనుకున్నా. ఆయన పక్కన కూర్చోబెట్టుకుని టీ ఇచ్చినాడు. ఏం టీ అనుకున్నావు? అల్లం టీ!"

"అట్లనా బాబా," అంది హలీమా పురి ఎక్కిస్తూ. "కొంచెం బిగువుగా పట్టుకోండి."

"ఆ స్టేషన్ మాస్టరు టోపీ ఇంత ఎత్తుండె," అని బాబా చెయ్యి పైకెత్తి చూపించాడు. కొస జారింది. ఎక్కిన పురి గిరగిరా తిరిగి విడిపోయింది.

హలీమా మళ్ళీ మొదలుపెట్టింది. సగం అయ్యేసరికి గుట్ట పక్క నుంచి మేకల మంద వెళుతోంది. బాబా కొస కింద పెట్టి, కాపరిని కేకేసి, ఈనబోయే మేక సంగతి విచారించి వచ్చాడు. మళ్ళీ మొదలుపెట్టారు. తాడు పొట్టిదవుతోంది, ముందుకు జరగండి బాబా అంటే ఆయన వెనక్కి జరిగాడు. తాడు మెలికలు పడింది. విప్పుకుని మళ్ళీ మొదలుపెట్టారు.

"నీకు చెప్పినానా బేటీ, నేనొకసారి గుంతకల్లులో దిగాల్సినవాణ్ణి..."

అల్లం టీ దాకా మొత్తం మళ్ళీ చెప్పాడు.

ఇదంతా ఆయన కావాలనే చేశాడో, నిజంగానే మాట్లాడాలనిపించిందో నేను చెప్పలేను. ఆ గుట్ట ఎక్కేవాళ్ళంతా తమ గోడు చెప్పుకుని దిగిపోయేవాళ్ళే. ఆయన రైలు కథ విన్నవాళ్ళెవరైనా ఉన్నారని నేననుకోను.

ఎండ నెత్తి మీద నుంచి పక్కకు వాలింది. తాడు మాత్రం మొదలుపెట్టిన చోటే ఉంది. ఇంటి దగ్గరైతే ఈపాటికి ఉట్టి సగం అల్లేసి ఉండేదాన్ననుకుంది హలీమా. లోపల చిరాకు పొంగుతోంది. గురువు కదా, గొంతు మెత్తగా చేసుకుంది.

"మీరు కూర్చోండి బాబా. మీకెందుకు ఈ శ్రమ. నేను చెట్టుకు కట్టుకుంటా."

నిజంగానే చాలా మర్యాదగా అంది.

బాబా చెప్తున్న మాట సగంలో ఆపేశాడు. కొస ఆమె చేతిలో పెట్టి, వెళ్ళి గోడవారన ఉన్న రాతి మీద కూర్చున్నాడు.

ఆ తర్వాత పని చకచకా నడిచింది. చెట్టు మాట్లాడలేదు, కదల్లేదు. హలీమా తనే జరగాల్సినప్పుడు జరుగుతూ, పురి సరిచూసుకుంటూ, పాయలు కలిపి పేనేసింది. తాడు చాలా బాగా వచ్చింది. వేళ్ళతో తడిమి చూసుకుంది, ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. అంగడాయన చూస్తే మెచ్చుకునేవాడే.

అప్పుడు గమనించింది, గుట్ట మీద చప్పుడే లేదని. మేకలు ఎప్పుడో వెళ్ళిపోయాయి. పిల్లి కూడా ఎటో పోయింది. ఇంట్లో ఫ్యాను కింద కూర్చున్నప్పటి భయమే మళ్ళీ వచ్చి గుండెలో కూర్చుంది. ఇక్కడికి వచ్చేస్తే అది ఉండదనుకుంది కదా, ఇక్కడ కూడా ఉంది.

"చూడండి బాబా, ఎంత బాగా వచ్చిందో," అంటూ వెనక్కి తిరిగింది.

గఫూర్ షా ఆమెను చూడటం లేదు. తన చేతుల్ని చూసుకుంటున్నాడు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు మోకాళ్ళ మీద పెట్టాడు. మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు. ఒక అరచేతిని రెండో చేతి బొటనవేలితో రుద్దుకున్నాడు. దారి వైపు ఒకసారి చూశాడు. దారిలో ఎవరూ లేరు. మళ్ళీ చేతుల వైపే చూసుకున్నాడు.

హలీమా అలా నిలబడిపోయింది.

ఇది ఆమె రోజూ చూసేదే. తన కిటికీకి ఎదురుగా, మధ్యాహ్నం పూట, అరుగు మీద ఓబులమ్మ ఇలాగే కూర్చునేది. ఇలాగే అరచేతులు రుద్దుకునేది, ఇలాగే వీధి వైపు చూసేది. ముసలామె హాయిగా తీరిక అనుభవిస్తోందనుకుంది హలీమా. ముడులు వేస్తూ వేస్తూ తలెత్తి, నాకు ఇట్లాంటి తీరిక ఎప్పుడు దొరుకుతుందో అని ఈర్ష్య కూడా పడింది. రోషంతో రావడం లేదని కోపం కూడా పెట్టుకుంది.

బర్రె కథ ఇప్పుడు ఆమె ఎవరికి చెప్పుకుంటోంది?

హలీమాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ ఆ వీధిలో ఒంటరిది తనొక్కతే అనుకుంది. ఆ దుఃఖమే మోసుకుని గుట్ట కూడా ఎక్కి వచ్చింది. ఎదురుగా ఉన్న అరుగు మీదికి మాత్రం ఒక్కనాడూ ఎక్కలేదు.

ఇప్పుడు వెళ్ళి పిలిస్తే ఆ అవ్వ వస్తుందా? రాకపోవచ్చు. వెళ్ళినా తలుపు తీయకపోవచ్చు. వద్దని చెప్పిన మాట మెత్తగానే చెప్పింది, కానీ వద్దనే చెప్పింది.

చెట్టు నుంచి కొస విప్పింది. వెళ్ళి బాబా ముందు నేల మీద కూర్చుని, ఆ కొస ఆయన వైపు చాచింది.

"పట్టుకోండి బాబా. ఆ స్టేషన్ మాస్టరు... టీ ఇచ్చినాక ఏమన్నాడు?"

గఫూర్ షా ఆమె ముఖంలోకి చూశాడు. నవ్వాడు. కొస అందుకోలేదు. చొక్కా జేబులో చెయ్యి పెట్టి, తిప్పీ తిప్పీ నునుపెక్కిన జపమాల బయటికి తీశాడు.

"నా చేతులకు ఇది ఉందిలే బేటీ," అన్నాడు.