తిమ్మక్క నగారా

అనగా అనగా రెండు కొండల నడుమ ఒక ఇరుకు కనుమ. ఆ కనుమకు కాపలాదారు తిమ్మక్క. మగడు పోయాక రాజుగారు ఆ పని ఆమెకే అప్పగించారు. ఆమె చేతికింద నలభైమంది విలుకాళ్లు, ఒక నగారా, దాన్ని వాయించే ముసలి ఓబన్న. కనుమ వెనుక ఒక పల్లె.

విలుకాళ్లు అన్ని రోజులూ కనుమలో ఉండేవారు కారు. రాజుగారి ఉప్పుబళ్లకు తోడుగా తరచు వెళ్లాల్సి వచ్చేది.

వాళ్లున్న రోజున తిమ్మక్క నగారా మోగించేది. లేని రోజున ఊరుకునేది. దొంగల నాయకుడు భైరోజి నెల తిరక్కముందే ఆ సంగతి పసిగట్టాడు. మోగని రోజు చూసి వచ్చి పల్లె పశువులన్నీ తోలుకుపోయాడు.

"ఇక రోజూ మోగించు తాతా," అంది తిమ్మక్క.

కొన్నాళ్లు భైరోజి జంకాడు. తర్వాత అనుమానమొచ్చి ఒకనాడు తెగించి వచ్చాడు. ఆ రోజు విలుకాళ్లు లేరు, ఒక్క బాణమైనా పడలేదు. ఈసారి పల్లె ధాన్యం పోయింది. అడ్డుపడ్డ ఇద్దరు పడుచువాళ్లూ పోయారు.

వాళ్ల తల్లుల ఏడుపు విన్నాక తిమ్మక్కకు అన్నం సయించలేదు. ఎప్పుడూ నిజమే చెబితే దొంగకు దారి చూపినట్టయింది. ఎప్పుడూ బెదిరిస్తే నగారాకు విలువే లేకుండా పోయింది. మూడు రోజులు అదే ఆలోచించింది.

"తాతా, ఇకపై మూడుసార్లు మోగితే రెండుసార్లు విలుకాళ్లుండాలి. ఒక్కసారే ఉత్తిది. అది ఏ రోజన్నది కుండలో నల్లవీ తెల్లవీ గింజలు వేసి, చూడకుండా ఒకటి తీసి తేలుస్తాను. అప్పుడప్పుడు విలుకాళ్లున్నా మోగించొద్దు."

"నువ్వే ఎంచుకోవచ్చుగా అమ్మా?"

"ఎంచుకుంటే నా వరస వాడికి దొరికిపోతుంది."

భైరోజి నగారా విని నవ్వుతూ వచ్చాడు. బాణాలు కురిశాయి. ఇరవైమందిని పోగొట్టుకున్నాడు. మరోసారి నగారా మోగలేదని వచ్చాడు. రాళ్లచాటు నుంచి విలుకాళ్లు లేచారు.

వాడు మూడోసారి వచ్చిన రోజు నగారా మోగింది. కనుమలో తిమ్మక్కా ఓబన్నా తప్ప ఎవరూ లేరు. భైరోజి మలుపు దగ్గర ఆగాడు.

"ఏం తిమ్మక్కా, ఉత్త చప్పుడేనా?"

"వచ్చి చూసుకో."

వాడు ఆమె ముఖంలోకి చూశాడు. రాళ్లకేసి చూశాడు. మిగిలిన మనుషులను లెక్కపెట్టుకున్నాడు. గుర్రం వెనక్కి తిప్పాడు. మళ్లీ ఆ కనుమకు రాలేదు.

తిమ్మక్క వచ్చి నగారా పక్కన కూర్చుంది.

"వాడు వచ్చుంటే?" అన్నాడు ఓబన్న.

"పోయేవాళ్లం తాతా. అందుకే ఉత్త నగారా అంత తక్కువగా వాడాను."

పిల్లలూ, వెనుక నిజమైన బలం ఉన్నవాళ్ల బెదిరింపే పనిచేస్తుంది. అదీ పొదుపుగా వాడుకుంటేనే.